ఊరి గడిలో ఇంటిపేరు

మా అమ్మ పుట్టింటివాళ్ళు తమ వంశవృక్షం పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తున్నారు. కిందటి శ్రావణంలో గుడివాడ ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. ఆ పని నెత్తినేసుకున్నాయన మా అమ్మకి చిన్నాన్న కొడుకు, నాకు మావయ్య. బ్యాంకులో రిటైరయ్యాక ఆయనకి ఈ పుస్తకమే లోకం. తప్పులుంటే దిద్దిపెట్టమని కాగితాలు మా ఫ్లాటుకి పంపించారు. అమ్మ బాల్కనీలో కూర్చుని భూతద్దం పట్టుకుని ఒక్కో పేజీ చదువుతూ, తన తండ్రి పేరున్న పేజీ దగ్గర ఆగింది.

పేరు, భార్య పేరు, ఊరు, వివరం అని ఆ పుస్తకంలో నాలుగు గడులు. తాతయ్య పేరుకి ఎదురుగా వివరం గడిలో ఒకే మాట ఉంది. దేశాంతరగతుడు.

తెలియనివాళ్ళకి ఇది గౌరవంగా వినిపిస్తుంది. పై చదువుకో వ్యాపారానికో విదేశం వెళ్ళాడనుకుంటారు. మా వైపు దాని అర్థం అది కాదు. పెళ్ళాన్ని గాలికొదిలేసి దేశాలు పట్టిపోయినవాడని అర్థం. నోటితో అంటే తిట్టులా ఉంటుందని పుస్తకంలో దానిమీద సంస్కృతం కప్పారు. పాత అచ్చులోనూ ఇదే మాట ఉంది. ఎనభై దాటిన మా అమ్మ బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ మాట వింటూనే ఉంది. చదివి, భూతద్దం పక్కన పెట్టి, వంకాయలు తరగాలంటూ లేచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట అబద్ధమని అప్పటికే నాకు తెలుసు. కాగితంతో సహా తెలుసు. ఆ కాగితం జిరాక్సు తీయించి, రెండు నెలల ముందే స్వయంగా మావయ్య చేతిలో పెట్టి వచ్చాను. "చూస్తానమ్మా" అన్నారు. ఆయన చూసిన చూపు ఇది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. తాతయ్యది గుడివాడకి దగ్గర్లో ఒక పల్లె. తిండికి లోటులేని ఇల్లు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో తండ్రితో మాటా మాటా పెరిగి, కట్టుబట్టలతో ఇల్లు దాటాడు. అప్పటికి అమ్మమ్మ కడుపుతో ఉంది. కొన్నాళ్ళకి కలకత్తా నుంచి ఒక కార్డు ముక్క వచ్చింది. ఓడలో బొగ్గెత్తే పని దొరికింది, ఈ ప్రయాణం ముగించుకుని వచ్చేస్తాను, పుట్టే బిడ్డకి పేరు నేను వచ్చాక పెడదాం, ఇదీ అందులో ఉన్నది. ఆ తర్వాత మరి కబురు లేదు.

ఆ మాట పట్టుకుని అమ్మమ్మ బిడ్డకి పేరు పెట్టనివ్వలేదు. మా అమ్మ అయిదేళ్ళ దాకా ఉత్త 'పాప'. బడిలో వేసిన రోజు హెడ్మాస్టరుగారు పేరు గడి ఖాళీగా వదలకూడదని, ఆయనకి తోచిన పేరొకటి రాసేశారు. ఇప్పటికీ ఆ పేరుతో పిలిస్తే అమ్మ ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది.

అత్తవారింట్లో కోపం అంతా ఓడ మీద. మన ఇళ్ళల్లో ఓడెక్కి బొగ్గెత్తినవాడు ఉన్నాడా అని పరువు పోయినట్టు బాధపడ్డారు. యుద్ధం అయిపోయింది. రంగూన్ వెళ్ళినవాళ్ళు కొందరు తిరిగొచ్చారు, తాతయ్య రాలేదు. అక్కడ బర్మా అమ్మాయితో కాపురం పెట్టాడట అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. వెళ్ళి వాకబు చేసినవాడు ఒక్కడు లేడు. చెడ్డ కబురు కదా, కాళ్ళు లేకుండానే ఊరంతా తిరిగింది. అమ్మమ్మని బిడ్డతో సహా బందరులో పుట్టింటికి పంపేశారు.

బందరులో ఆమె తండ్రి కోర్టు గుమాస్తా. ఆయన పూనుకుని కూతురికి కుట్టు నేర్పించి, ఆడపిల్లల బడిలో కుట్టు టీచరుగా చేర్పించారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే, ఆ కుట్టుమిషను చప్పుడులోనే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు బందరులోనే ఒక పెళ్ళికి వెళ్ళాం. ముత్తయిదువులందరూ చాప మీద వరసగా కూర్చున్నారు. పెళ్ళివారి ఆడపడుచు కుంకుమ పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరికీ బొట్టు పెడుతూ వస్తోంది. అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి కుంకుమ అద్దుకున్న వేలు గాలిలో ఆగింది. పెట్టచ్చో పెట్టకూడదో ఆవిడకి తేలలేదు. వెనక్కి తిరిగి ఎవరి ముఖమో చూసింది. తర్వాత అమ్మమ్మని దాటేసి పక్కావిడకి పెట్టింది. అమ్మమ్మ నుదుటిమీద పొద్దున తాను పెట్టుకున్న బొట్టు రూపాయంత ఉంది. "పద, భోజనాలకి లేద్దాం" అంది నాతో. ఆ రోజు ఆమె సగం కూడా తినలేదు, నేను మాత్రం రెండు బూరెలు తిన్నాను. అది తలుచుకుంటే నామీద నాకే కోపం వస్తుంది.

విధవ అయితే జాలి అయినా చూపించేవారేమో. భార్య అయితే కుంకుమ ఇచ్చేవారు. ఆమె ఆ రెండింటికీ మధ్య ఎక్కడో నిలబడిపోయింది. తప్పు ఆమెది కాదని తెలిసినవాళ్ళు కూడా ఆమెలో ఏదో లోపం ఉండబట్టే మొగుడు పోయాడని లోపల అనుకునేవారు. పైకి అనేవాళ్ళూ ఉన్నారు.

పన్నెండేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్క. దర్భలతో మనిషి బొమ్మ చేసి దానికి దహనం చేస్తారు. అది చేయించడానికి అత్తవారి వైపు పెద్దలు బందరు వచ్చారట. మా అమ్మకి ఆ రోజు బాగా గుర్తుంది. అమ్మమ్మ కుట్టుమిషను ముందునుంచి లేవకుండానే అందట: "ఆయన పోయారని కాగితం తెండి. ఆ క్షణం ఈ బొట్టు నేనే చెరుపుకుంటాను. కాగితం లేకుండా నా మొగుణ్ణి గడ్డిబొమ్మ చేసి తగలబెడతానంటే ఊరుకోను." వాళ్ళు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారట.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అమ్మమ్మ పోయింది, నుదుట ఆ బొట్టుతోనే. ఆ కాగితం ఈ భూమ్మీద ఉందనీ, అది ఆమె బతికి ఉండగానే బయలుదేరిందనీ, కృష్ణా జిల్లా దాకా వచ్చిందనీ ఆమెకి తెలియదు.

నా ఉద్యోగం మండలాఫీసులో. ముప్పై ఏళ్ళపాటు గడులు నింపాను, ఎదుటివాళ్ళు నింపినవాటిలో తప్పులు పట్టాను. రిటైరయ్యాక తీరిక దొరికి, యుద్ధంలో మునిగిన ఓడల్లో పోయినవాళ్ళ పట్టికలు ఇంటర్నెట్లో ఉన్నాయని తెలిసి వెతకడం మొదలుపెట్టాను. తాతయ్య ఇంటిపేరూ పేరూ ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయచ్చో అన్ని రకాలుగానూ కొట్టి చూశాను. రెండేళ్ళు. ఎక్కడా లేదు. చివరికి నాకే అనుమానం వచ్చింది, ఆ బర్మా అమ్మాయి కబురు నిజమేనేమోనని. ఈ మాట అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం పక్క ఫ్లాటు ఆవిడ ఫోనులో ఏదో దరఖాస్తు నింపిపెట్టమని వచ్చింది. "ఇదేంటండీ, మా ఇంటిపేరు తీసుకెళ్ళి ఊరి దగ్గర వేసేసింది ఈ ఫోను!" అంది. ఆవిడ ఇంటిపేరూ ఒక ఊరి పేరే. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది, నా నవ్వు మాత్రం ఆగిపోయింది.

మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు కూడా ఊరి పేరే. ఆ ఊరు దివిసీమలో, నాగాయలంక దాటాక ఉంది. ఎన్నో తరాల కిందట వాళ్ళ పూర్వులు అక్కడినుంచి వచ్చారని చెబుతారు. ఇప్పుడున్నవాళ్ళలో ఎవరూ ఆ నేల తొక్కలేదు. ఊరి పేరు ఇక్కడ రాస్తే ఇంటిపేరు చెప్పేసినట్టే, అందుకని రాయడం లేదు. పేరు చెప్పమంటే ముందు ఇంటిపేరు చెప్పి, తర్వాత సొంత పేరు చెప్పడం మన అలవాటు. కలకత్తాలో తెలుగు ముక్క రాని గుమాస్తా ముందు తాతయ్య అలాగే చెప్పి ఉంటాడు. ఆ గుమాస్తా మొదటి మాటని ఊరనుకుని ఊరి గడిలో రాసుకున్నాడు, రెండో మాటని పేరనుకున్నాడు.

పక్కింటావిడ వెళ్ళిపోగానే పట్టిక తెరిచి, ఊరు అన్నచోట ఇంటిపేరు కొట్టాను. ఒక్కటే వరస వచ్చింది.

తాతయ్య పేరు, ఒక అక్షరం తప్పుతో. ఓడ పేరు. పని: బొగ్గు మోసే కూలీ. దాని తర్వాత, ఫలానామె భర్త అని మా అమ్మమ్మ పేరు, అక్షరం పొల్లుపోకుండా. ఊరు దగ్గర ఆయన ఇంటిపేరు.

తర్వాత ఆ ఓడ గురించి దొరికిందంతా చదివాను. యుద్ధనౌక కాదు, మామూలు సరుకుల ఓడ. కలకత్తాలో తేయాకు, గోనె నార ఎక్కించుకుని బయలుదేరింది. పశ్చిమాన, నడిసముద్రంలో జలాంతర్గామి వదిలిన టార్పెడో తగిలి మునిగింది. టార్పెడో తగిలేది నీటి కింద. బొగ్గు గది ఉండేదీ అక్కడే. పైన ఉన్నవాళ్ళు పడవల్లోకి దూకారు. కింద పార పట్టుకుని ఉన్నవాళ్ళకి మెట్లెక్కే వ్యవధి కూడా దొరకలేదు. ఎవరి యుద్ధమో, ఎవరి తేయాకో. చచ్చింది గుడివాడ పక్క వరి చేలల్లో పెరిగిన మనిషి. ఆ ఓడ కథ రాసినవాళ్ళు కెప్టెను పేరు, ఆఫీసర్ల పేర్లు, వాళ్ళ ఊళ్ళు అన్నీ ముచ్చటగా రాశారు. చివర్లో 'ఇంకా కొందరు భారతీయ నావికులు' అన్నారు. ఆ కొందరిలో ఒకడి కోసం ఒక ఆడది బందరులో జీవితమంతా బొట్టు పెట్టుకుని కూర్చుందని వాళ్ళకి ఎవరు చెబుతారు?

గుమాస్తాని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే నాకు ఒకావిడ గుర్తొచ్చింది. భర్త పోయాక సర్టిఫికెట్టు కోసం నా బల్ల ముందుకు వచ్చింది. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకో కాగితంలో వెనక. ఇద్దరూ ఒకే మనిషని రుజువు తెమ్మని రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి ఆవిడ రాలేదు. ఎందుకు రాలేదో నేను కనుక్కోలేదు. అందుకని ఆ కలకత్తా గుమాస్తాని తిట్టే హక్కు నాకు కొంచెం తక్కువే. అయినా తిడతాను.

పట్టికలో ఊరు అలా ఉంటే చావు కబురు కూడా ఆ ఊరికే వెళ్ళి ఉండాలి కదా. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. నాగాయలంకలో దిగి, రొయ్యల చెరువుల మధ్యనుంచి ఆటోలో ఆ ఊరు చేరాను. పాత కాగితాలేమైనా ఉన్నాయా అని పోస్టాఫీసులో అడిగితే, "ఉప్పెనకి మనుషులే మిగల్లేదండీ, కాగితాలెక్కడ మిగుల్తాయి?" అన్నారు. అయితే అప్పటి పోస్టుమాస్టరుగారి కూతురు ఉందని, తొంభైకి దగ్గర పడినా మాట తడబడదని చెప్పి ఇల్లు చూపించారు.

ఆవిడ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. "అమ్మా, యుద్ధం రోజుల్లో ఓడ మునిగి పోయినాయన గురించి ఈ ఊరికి ఏదైనా ఉత్తరం వచ్చిందాండీ?" అని అడిగాను. పేరు చెప్పలేదు. ఆవిడ చేతిలో చింతపండు అలాగే పట్టుకుని, మా అమ్మమ్మ పేరు చెప్పింది.

"ఆవిడ పేరు మీదే వచ్చిందమ్మా. దొరల ముద్ర ఉన్న కవరు. మా నాన్న గడప గడపకీ తిరిగాడు, నేనూ ఆయన వేలు పట్టుకుని తిరిగాను. ఆ పేరుగల ఆవిడ మా ఊళ్ళో లేదు. మూడు వారాలు చూసి, కరణంగారి ముందు విప్పి చదివించారు. ఈ ఊరి మనిషి ఓడతో పాటు మునిగి పోయాడని ఉంది. ఎవరో తెలియలేదు. ఉత్తరం తిప్పి పంపేశారు. మా నాన్నకి మాత్రం మనసొప్పలేదు. మన ఊరి పేరు చెప్పుకుని పోయాడు కదా, మనవాడే అన్నాడు. ఏటా మహాలయ అమావాస్యకి కాలవలో దిగి, మా పెద్దలందరికీ నీళ్ళొదిలాక ఆఖర్న ఆయన పేరు చెప్పేవాడు. గోత్రం తెలియదుగా, కాశ్యప గోత్రమని చెప్పి వదిలేవాడు. తను పోయిందాకా మానలేదమ్మా."

ఆవిడే లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని ఏడ్చాను. అది దుఃఖం ఒక్కటే కాదు. సొంతవాళ్ళు లేచిపోయాడని పుస్తకమెక్కించిన మనిషికి, ముఖమైనా చూడని ఒక పోస్టుమాస్టరు ఏటా నీళ్ళొదిలాడు. నా ఏడుపులో సగం సిగ్గు. ఉత్తరం అక్కడిదాకా వచ్చింది. అక్కడికీ బందరుకీ ఎంత దూరం? ఇప్పుడైతే ఒక పూట బస్సు ప్రయాణం.

తిరిగొచ్చి అమ్మకి అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. పట్టికలోని ఆ వరస చదవమంది. చదివాను. మళ్ళీ చదవమంది. ఆ వారమంతా రోజుకొకసారి చదివించుకుంది. ఆ వరసని కాగితం మీద అచ్చు తీసి, దాని జిరాక్సు తీసుకుని నేను మావయ్య దగ్గరికి వెళ్ళింది ఆ తర్వాతే.

ఇంత జరిగాక కూడా ప్రూఫులో ఆ మాట చూసి నేను ఫోను చేస్తే, మావయ్య తానే ఇంటికి వచ్చారు. మంచి మనిషే, జామపళ్ళు పట్టుకొచ్చారు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఊరు తప్పుంది, ఇంటిపేరే లేదు, దీన్ని ఆధారమని ఎలా వేస్తామమ్మా?" అన్నారు. ఇంటిపేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. అప్పుడు అమ్మ వైపు తిరిగి అసలు సంగతి బయటపెట్టారు.

"అక్కా, నువ్వే ఆలోచించు. పెదనాన్న యుద్ధంలోనే పోయారని అచ్చు వేశామనుకో. మరి పెద్దమ్మ అన్నేళ్ళూ బొట్టు పెట్టుకునే తిరిగింది కదా? చదివినవాళ్ళు ఏమనుకుంటారు? ఆవిడకే మచ్చ. పోయినావిడని ఎందుకు బజారుకీడ్చడం?"

నేను లేచి నిలబడ్డాను. "మచ్చా మావయ్యా? ఆవిడ ముందు కుంకుమ పళ్ళెం పక్కకి తిప్పినప్పుడు ఎవరికీ కనబడని మచ్చ ఇప్పుడు కనబడిందా మీకు? మొగుడు వదిలేశాడని రాస్తే మచ్చ కాదు, మొగుడు సముద్రంలో పోయాడని రాస్తే మచ్చా? కాగితం తెమ్మని అడిగిందండీ ఆవిడ! ఒక్కళ్ళు వెతికారా మీ ఇంట్లో?" నా గొంతు పక్క ఫ్లాటు దాకా వినబడి ఉంటుంది. వినబడనీ అనుకున్నాను.

మావయ్య ముఖం చిన్నబోయింది. "సరేనమ్మా, కోప్పడకు. ఆ మాట తీసేస్తాను. ఆ గడి ఖాళీగా వదిలేద్దాం, ఎవరికీ బాధ ఉండదు" అన్నారు.

ఆ మాట అమ్మ అందుకుంది. "ఖాళీ వద్దురా. నా పేరు గడి అయిదేళ్ళు ఖాళీగా ఉంది, అదెలా ఉంటుందో నాకు తెలుసు." కాగితం తీసుకుని ఆ వరస మీద వేలు పెట్టింది. "ఇది చూడు. కలకత్తాలో గుమాస్తా ఊరు తప్పు రాసుకున్నాడు, మా నాన్న పేరులో ఒక అక్షరం తప్పు రాసుకున్నాడు. మా అమ్మ పేరు మాత్రం తప్పు లేకుండా ఉంది. ఆ గుమాస్తాకి తెలుగు రాదు కదరా. మా నాన్న ఒక్కో అక్షరం విడమరిచి చెబితేనే అంత సరిగ్గా రాసుంటాడు. పెళ్ళాన్ని వదిలేసి పారిపోయేవాడు ఆమె పేరు అంత జాగ్రత్తగా రాయిస్తాడా?"

అమ్మ నా పెన్ను అడిగి తీసుకుంది. ప్రూఫులో దేశాంతరగతుడు అన్న మాట మీద రెండు గీతలు గీసింది. దాని పక్కన అమ్మమ్మ పేరు రాసి, 'ఈమె భర్త. ఓడ మునిగి పోయారు' అని రాసింది. ఆ పుస్తకంలో ఫలానావారి భార్య అని వందల చోట్ల ఉంది. ఫలానామె భర్త అని ఇంకెక్కడా లేదు. మావయ్య అది గమనించారు.

కాగితాలు సర్దుకుంటూ, మనసు కుదుటపరచడానికన్నట్టు, "ఊరి గడిలో మాత్రం మన ఊరే ఉందక్కా, ఆ కాగితంలోలా తప్పు లేదు" అన్నారు.

"దాన్నీ కొట్టెయ్యి," అంది అమ్మ. "కాగితంలో ఉన్న ఊరే వేయించు. ఆయనకి నీళ్ళొదిలింది ఆ ఊరేగా."

పుస్తకం అలాగే వచ్చింది.